పాత సి లైబ్రరీని రస్ట్ నుంచి వాడుకోవడం: హెడర్ చదవడం మొదలు బోర్డు మీద నడిపించడం దాకా

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా చిన్న కార్యాలయంలో ఆటుపోట్లను లెక్కగట్టే సి భాషా లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు పిలుచుకునే ఫంక్షన్ల సముదాయం) ఒకటి ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తోంది. రేవులో నీటిమట్టం ఏ వేళకు ఎంత ఉంటుందో అది చెబుతుంది. చంద్రుడి వల్ల కలిగే ప్రధానాంశం గంటకు 28.984 డిగ్రీల చొప్పున, సూర్యుడి వల్ల కలిగేది గంటకు 30 డిగ్రీల చొప్పున తిరుగుతాయి. ఇలాంటి అంశాలను అనేకం తీసుకుని, ఒక్కొక్కదాని కొసైన్ విలువను దాని ఎత్తుతో గుణించి, అన్నింటినీ కూడితే నీటిమట్టం వస్తుంది. సూత్రం చిన్నదే అయినా, చంద్రకక్ష్యలో 18.6 ఏళ్లకొకసారి పూర్తయ్యే చలనానికి తగిన సవరణలు, రేవు రేవుకూ మారే స్థిరాంకాలు, తేదీల లెక్కలోని మెలికలు అన్నీ కలిసి ఆ కోడ్‌ను నాలుగు వేల వరుసలకు పెంచాయి.

కొత్త సేవను రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కడుతున్నప్పుడు ఈ లెక్కను కూడా తిరగరాద్దామని మొదట అనుకున్నాం. వారం తిరిగేసరికి ఆ ఆలోచన మానుకున్నాం. ఆ నాలుగు వేల వరుసలలో ప్రతి సవరణా భారత సర్వేక్షణ విభాగం ప్రచురించే ఆటుపోట్ల పట్టికలతో పోల్చి చూసి, తేడా ఎక్కడ వచ్చిందో వెతికి పెట్టినది. తిరగరాస్తే ఆ ఇరవై ఏళ్ల పోలికంతా మళ్లీ చేయవలసి వస్తుంది. అందుకే పాత లైబ్రరీని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, రస్ట్ నుంచి పిలిచే దారి పట్టాం. ఆ దారిలో నేర్చుకున్న పద్ధతిని, అదే పనికి పూనుకున్న వారి కోసం క్రమంగా రాస్తున్నాను. కోడ్‌లోని పేర్లను ఇక్కడ మనం పలికే తీరులో ఇచ్చాను. ఎడిటర్‌లో వాటిని మామూలు కంప్యూటర్ అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందుగా నిర్ణయించుకోవలసిన సంగతి

సి భాషను బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల తొలినాళ్లలో రూపొందించారు. రస్ట్ 1.0 వెలువడింది 2015 మే 15న. ఈ రెండింటి మధ్య నలభై ఏళ్లకు పైగా ఎడం ఉన్నా అవి ఒకే ప్రోగ్రామ్‌లో కలిసి నడవగలగడానికి కారణం, ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు విలువలు ఏ రిజిస్టర్లలో వెళ్లాలి, స్టాక్‌ను ఎవరు సర్దాలి, స్ట్రక్ట్ (పలు విలువలను కలిపి ఉంచే మూట) మెమొరీలో ఎలా పరుచుకోవాలి అన్న విషయాలలో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ సి కోసం ఒక కచ్చితమైన ఒప్పందం పెట్టుకుని ఉండడమే. పైథాన్, జిగ్, స్విఫ్ట్, గో వంటి భాషలన్నీ ఈ ఒప్పందాన్ని పాటించగలవు. పైథాన్‌లో సైపై అనే గణిత లైబ్రరీ వాడే వారు తమకు తెలియకుండానే ఫోర్ట్రాన్‌లో రాసిన లాప్యాక్ గణితాన్ని ఈ దారి గుండానే వాడుకుంటున్నారు.

అయితే ఈ ఒప్పందం బైట్ల గురించి మాత్రమే మాట్లాడుతుంది. ఒక పాయింటర్ (మెమొరీలోని ఒక చోటి చిరునామా) ఎంతకాలం చెల్లుతుంది, ఆ మెమొరీని ఎవరు విడుదల చేయాలి, రెండు త్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి పిలవవచ్చా అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. రస్ట్ కంపైలర్ మామూలుగా మన తరఫున కాపలా కాసే విషయాలు సరిగ్గా ఇవే. సరిహద్దు దగ్గర ఆ కాపలా ఆగిపోతుంది, అక్కడి నుంచి బాధ్యత మనది. ఈ వ్యాసంలోని ప్రతి అడుగూ ఆ బాధ్యతను ఎక్కడ, ఏ రూపంలో రాసి పెట్టాలన్న దాని గురించే.

మొదటి అడుగు: హెడర్‌ను చదివి బాధ్యతలను కాగితం మీద పెట్టడం

కోడ్ రాయకముందు హెడర్ ఫైల్‌ను (లైబ్రరీ ఫంక్షన్ల ప్రకటనలు ఉండే ఫైల్) పక్కన పెట్టుకుని, పైకి కనిపించే ప్రతి ఫంక్షన్‌కూ ఒక వరుస చొప్పున పట్టిక గీసుకోవాలి. మా లైబ్రరీలో బయటి వారు పిలవవలసినవి అయిదు ఫంక్షన్లు. ‘పోటు_తెరువు’ రేవు పేరు తీసుకుని ఒక పాయింటర్ ఇస్తుంది. ‘పోటు_ఎత్తు’ ఆ పాయింటర్‌నూ సమయాన్నీ తీసుకుని నీటిమట్టం లెక్కగడుతుంది. ‘పోటు_రేవు’ రేవు వివరాలను ఒక స్ట్రక్ట్‌లో నింపుతుంది, ‘పోటు_వివరం’ మనిషి చదువుకునే వాక్యాన్ని తిరిగిస్తుంది, ‘పోటు_మూయు’ అంతా సర్దేస్తుంది.

ఒక్కొక్క దాని ఎదుట నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇచ్చిన పాయింటర్‌ను సి తన దగ్గర అట్టిపెట్టుకుంటుందా, లేక పిలుపు ముగియగానే మరిచిపోతుందా? తిరిగి వచ్చిన పాయింటర్ ఎవరిది, దాన్ని ఏ ఫంక్షన్‌తో విడుదల చేయాలి? నల్ (ఎక్కడికీ చూపని పాయింటర్) రావచ్చా, వస్తే దాని అర్థమేమిటి? లోపల గ్లోబల్ వేరియబుల్ గానీ స్టాటిక్ బఫర్ (అన్ని పిలుపులకూ ఒకటే అయిన నిల్వ చోటు) గానీ ఉందా? హెడర్‌లోని వ్యాఖ్యలు సాధారణంగా మొదటి మూడింటికి సగం జవాబు చెబుతాయి, నాలుగో దాని గురించి ఏమీ చెప్పవు. ఆ జవాబు కోసం సి ఫైళ్లు తెరిచి ‘స్టాటిక్’ అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. మేము ఈ నాలుగో ప్రశ్నను మొదట వదిలేశాం. దాని ఫలితం త్రెడ్ల దగ్గర చెబుతాను.

రెండో అడుగు: రెండు క్రేట్లుగా విడదీయడం

రస్ట్ సమాజంలో స్థిరపడిన ఒక ఆచారం ఉంది. సి ఫంక్షన్ల ముడి ప్రకటనలు మాత్రమే ఉండే క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పేరు చివర ‘సిస్’ అని పెడతారు. దాని మీద భద్రమైన రస్ట్ ముఖం తొడిగిన క్రేట్‌కు మామూలు పేరు పెడతారు. మేము ‘పోటు-సిస్’, ‘పోటు’ అని రెండు పెట్టుకున్నాం. ఇంత చిన్న లైబ్రరీకి రెండు క్రేట్లు ఎందుకని అనిపించవచ్చు. ఈ విభజన లేకపోతే పని తొందరలో ఎవరో ఒకరు ముడి ఫంక్షన్‌ను నేరుగా పిలుస్తారు, కంపైలర్ కాపలా లేదని చెప్పే అన్‌సేఫ్ అనే మాట ప్రాజెక్టు అంతటా చెదిరిపోతుంది. విడదీస్తే, ఎప్పుడైనా క్రాష్ వచ్చినప్పుడు వెతకవలసిన చోటు ఒక్కటే అవుతుంది.

సి ఫైళ్లను ‘పోటు-సిస్’ లోపలే ఒక ఫోల్డర్‌లో ఉంచి, బిల్డ్ స్క్రిప్ట్ నుంచి కంపైల్ చేయించడం తేలికైన మార్గం. ఇందుకు ‘సిసి’ అనే క్రేట్‌ను బిల్డ్ డిపెండెన్సీల కింద చేర్చి, స్క్రిప్ట్‌లో ఫైల్ పేరునూ ఫలితంగా వచ్చే లైబ్రరీ పేరునూ చెబితే చాలు; మిగతా పని అదే చూసుకుంటుంది. ఉబుంటులో ‘బిల్డ్-ఎసెన్షియల్’ ప్యాకేజీ ముందే ఉండాలి. రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గో ఫైల్‌లో ‘లింక్స్’ అనే పద్దు కింద లైబ్రరీ పేరు రాయడం మరిచిపోవద్దు. ఒకే సి లైబ్రరీ రెండు క్రేట్ల ద్వారా రెండుసార్లు ప్రోగ్రామ్‌లోకి రాకుండా కార్గో దాన్ని చూసే అడ్డుకుంటుంది.

బిల్డ్ స్క్రిప్ట్‌లో ఇంకొక వరుస అవసరం. సి ఫైల్ మారితే స్క్రిప్ట్‌ను మళ్లీ నడపమని ‘రీరన్-ఇఫ్-ఛేంజ్డ్’ అనే సూచనను కార్గోకు స్పష్టంగా ముద్రించి చెప్పాలి. అది లేకపోతే సి కోడ్‌లో మార్పు చేసి, రస్ట్ వైపు ఫలితం మారలేదేమని గంటల తరబడి తల పట్టుకునే పరిస్థితి వస్తుంది. లైబ్రరీ సి ప్లస్ ప్లస్‌లో ఉంటే, హెడర్‌లో ఎక్స్‌టర్న్ సి అన్న గుర్తు ఉందో లేదో చూడాలి. ఆ గుర్తు లేని ఫంక్షన్ల పేర్లను కంపైలర్ మార్చేస్తుంది కాబట్టి, కంపైలైన ముక్కలను కలిపే లింకర్‌కు అవి దొరకవు.

మూడో అడుగు: ప్రకటనలు రాయడం

ఇక ‘పోటు-సిస్’లో సి ఫంక్షన్లను రస్ట్‌కు పరిచయం చేయాలి. రస్ట్ 2024 ఎడిషన్‌లో (భాషా నియమాల సంచికలో) ఈ భాగాన్ని ‘అన్‌సేఫ్ ఎక్స్‌టర్న్ సి’ అని మొదలుపెట్టడం తప్పనిసరి. పాత ఎడిషన్లలో ముందున్న అన్‌సేఫ్ లేకపోయినా నడిచేది. ఈ మార్పు నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది. ప్రకటన తప్పుగా రాస్తే దాన్ని పట్టుకునే వారెవరూ లేరు. సి వైపు డబుల్ తీసుకునే ఫంక్షన్‌ను ఇక్కడ ఫ్లోట్ అని రాసినా కంపైలర్ ఒప్పుకుంటుంది, లింకర్ ఒప్పుకుంటుంది, నీటిమట్టం మాత్రం అర్థంలేని సంఖ్యగా వస్తుంది.

ఫంక్షన్లు పదో ఇరవయ్యో అయితే చేత్తో రాయవచ్చు, రాస్తే ప్రతి దాన్నీ ఒకసారి శ్రద్ధగా చదివినట్టూ అవుతుంది. అంతకు మించితే ‘బైండ్‌జెన్’ అనే సాధనాన్ని వాడడం మేలు. అది హెడర్‌ను క్లాంగ్ సహాయంతో చదివి ప్రకటనలను తానే తయారుచేస్తుంది. అయితే దాన్ని ఊరికే వదిలితే హెడర్ లోపల చేర్చిన సిస్టమ్ హెడర్లన్నింటినీ లాక్కొచ్చి వేల వరుసలు కుమ్మరిస్తుంది. కాబట్టి ‘పోటు’తో మొదలయ్యే పేర్లను మాత్రమే అనుమతించమని దానికి చెప్పాలి.

చేత్తో రాసేటప్పుడు సి రకాలకు రస్ట్ రకాలను అంచనా మీద పెట్టకూడదు. సిలోని లాంగ్ 64 బిట్ లినక్స్‌లో 64 బిట్లు, 64 బిట్ విండోస్‌లో 32 బిట్లు. అందుకే రస్ట్‌లో ఇతర భాషలతో కలపడానికి ఉన్న ఎఫ్‌ఎఫ్‌ఐ మాడ్యూల్‌లోని సి-ఇంట్, సి-లాంగ్, సి-కార్ వంటి పేర్లనే వాడాలి. అవి ఏ యంత్రం కోసం కంపైల్ చేస్తే ఆ యంత్రానికి తగినట్టు మారతాయి.

స్ట్రక్ట్‌ల మీద ‘రెప్ర్ సి’ అన్న గుర్తు ఉండి తీరాలి. ఇంట్, డబుల్, కార్ అనే మూడు ఫీల్డులు ఆ వరుసలో ఉన్న స్ట్రక్ట్‌ను తీసుకోండి. 64 బిట్ యంత్రంలో సి దాన్ని 24 బైట్లుగా పరుస్తుంది: ఇంట్‌కు 4, డబుల్ సరైన చోట మొదలవడానికి ఖాళీ 4, డబుల్‌కు 8, కార్‌కు 1, చివర ఖాళీ 7. ఆ గుర్తు లేకపోతే రస్ట్ ఫీల్డుల వరుసను తనకు అనుకూలంగా మార్చి 16 బైట్లలో సర్దేయవచ్చు. అప్పుడు సి అక్షాంశం రాసిన చోట రస్ట్ ఇంకేదో చదువుతుంది. స్ట్రక్ట్ పరిమాణం సి చెప్పిన దానితో సరిపోతోందా అని పరీక్షించే టెస్ట్ ఒకటి మొదటి రోజే రాసి పెట్టండి, రెండు వరుసల పని.

సి ఎనమ్‌లను రస్ట్ ఎనమ్‌లుగా నేరుగా ప్రకటించవద్దు. సి వైపు నుంచి జాబితాలో లేని సంఖ్య వస్తే రస్ట్‌లో అది నిర్వచించని ప్రవర్తన అవుతుంది. సి-ఇంట్‌గా తీసుకుని, భద్రమైన పొరలో మ్యాచ్ చేసి, తెలియని సంఖ్యకు ఎర్రర్ ఇవ్వడం సరైన పద్ధతి.

నాలుగో అడుగు: తెలుగు అక్షరాలు సరిహద్దు దాటేటప్పుడు

మా పనిలో అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది ఈ అడుగే, కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడతాను. సి స్ట్రింగ్ సున్నా బైట్‌తో ముగుస్తుంది, దానికి పొడవు విడిగా ఉండదు. రస్ట్ స్ట్రింగ్‌కు పొడవు విడిగా ఉంటుంది, చివర సున్నా ఉండదు, లోపల ఉన్నది చెల్లే యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అని హామీ ఉంటుంది. సికి పంపేటప్పుడు సి-స్ట్రింగ్ అనే రకాన్ని తయారుచేయాలి. మన పాఠంలో మధ్యలోనే సున్నా బైట్ ఉంటే అది ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్‌ను అన్‌ర్యాప్‌తో (ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్‌ను ఆపేసే పిలుపు) తోసేయకుండా పిలిచిన వారికి అందించాలి.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటే రూపంలో ఉంటుంది. సి-స్ట్రింగ్‌ను తయారుచేసి, అదే వరుసలో దాని పాయింటర్ తీసుకుని, ఆ పాయింటర్‌ను మాత్రం ఒక వేరియబుల్‌లో దాచుకుంటారు. ఆ వరుస ముగిసేసరికి సి-స్ట్రింగ్ నాశనమవుతుంది, చేతిలో మిగిలింది చెల్లని పాయింటర్. మొదట సి-స్ట్రింగ్‌నే ఒక వేరియబుల్‌లో పెట్టి, సి ఫంక్షన్‌ను పిలిచే చోట పాయింటర్ తీసుకోవాలి. కంపైలర్ ఇప్పుడు దీని మీద హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను ఎప్పుడూ అణచివేయవద్దు.

సి నుంచి వచ్చే పేర్ల సంగతి ఇంకా సున్నితం. మా ‘పోటు_రేవు’ నింపే స్ట్రక్ట్‌లో పేరు కోసం 16 బైట్ల కార్ వరుస (అర్రే) ఉంది. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నంత కాలం అది సరిపోయింది. కొత్త సేవలో తెలుగు పేర్లు పెట్టాక, మాతో కొత్తగా చేరిన అమ్మాయి తెర చూపించి, “మాష్టారూ, విశాఖ అంటే శుభ్రంగా వస్తోంది, భీమిలి అంటే వెనకాల చెత్త వస్తోందండీ” అంది. ఆ లైబ్రరీని మొదట రాసిన పెద్దాయన పక్కనే ఉన్నారు. ఆయన ఒక కాగితం తీసుకుని, “అక్షరానికి ఎన్ని బైట్లమ్మా?” అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నతో ముడి విడిపోయింది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులనూ విడిగా లెక్కించాలి. ‘విశాఖ’లో వ, గుడి, శ, దీర్ఘం, ఖ అని అయిదు సంకేతాలు, అంటే 15 బైట్లు, చివరి సున్నాతో కలిపి 16, వరుసలో అచ్చంగా పట్టింది. ‘భీమిలి’లో ఆరు సంకేతాలు, 18 బైట్లు. సిలోని ‘స్ట్రెన్‌కాపీ’ ఫంక్షన్ మొదటి 16 బైట్లను నకలు చేసి ఆగిపోయింది. పాఠం పొడవు ఎక్కువైనప్పుడు అది చివర సున్నా పెట్టదు. అంటే ‘భీమిల’ వరకు 15 బైట్లు, ఆపైన చివరి గుడిలోని మొదటి బైట్ 224 ఒంటరిగా మిగిలింది. రస్ట్ వైపు మేము సున్నా కనబడే దాకా చదవమని చెప్పాం కాబట్టి, అది వరుస దాటి పక్కనున్న అక్షాంశపు బైట్లను కూడా అక్షరాలుగా చదివేసింది.

తప్పు సి వైపు ఉన్నా దాన్ని ఇంతకాలం కప్పిపెట్టింది మేము రాసిన రస్ట్ వరుసే. చెల్లని బైట్ల స్థానంలో ప్రశ్నార్థకపు గుర్తు పెట్టి ముందుకు సాగే ‘లాసీ’ మార్పిడిని వాడాం. అది లాగులు ముద్రించడానికి బాగుంటుంది, డేటాకు తగదు. సరైన పద్ధతి ఇది: నిర్ణీత పరిమాణం గల వరుసను పాయింటర్‌గా కాకుండా బైట్ల స్లైస్‌గా (పొడవు తెలిసిన ముక్కగా) తీసుకుని, ‘ఫ్రమ్-బైట్స్-అంటిల్-నల్’ అనే ఫంక్షన్‌కు ఇవ్వాలి. వరుసలో సున్నా లేకపోతే అది ఎర్రర్ ఇస్తుంది గానీ ఎల్ల దాటదు. ఆ తరువాత యూటీఎఫ్-8 చెల్లుబాటును చూసే మార్పిడి చేయాలి. మేము ఈ రెండూ పెట్టి, సి వైపు వరుసను 64 బైట్లకు పెంచి, చివర సున్నా తప్పక పెట్టేటట్టు సరిచేశాం. తెలుగులో పేర్లు వాడే ప్రతి ప్రాజెక్టులోనూ ‘విశాఖపట్నం’ అనే మాటను టెస్ట్‌లో పెట్టుకోమని నా సలహా. పది సంకేతాలు, 30 బైట్లు. ఇరుకైన బఫర్లను అది వెంటనే బయటపెడుతుంది.

అయిదో అడుగు: భద్రమైన పొర

ఇప్పుడు ‘పోటు’ క్రేట్‌లోకి వద్దాం. ‘పోటు_తెరువు’ ఇచ్చిన ముడి పాయింటర్‌ను ఒక స్ట్రక్ట్‌లో (దీన్నే హ్యాండిల్ అంటాను) దాచి, ఆ ఫీల్డును బయటికి కనబడకుండా ఉంచాలి. ఫీల్డు రకంగా ‘నాన్‌నల్’ను వాడితే, నల్ వచ్చిందా అన్న పరీక్ష తయారీ సమయంలో ఒక్కసారే జరుగుతుంది, తరువాతి ఫంక్షన్లలో దాని గురించి ఆలోచించనక్కరలేదు. ఈ స్ట్రక్ట్‌కు డ్రాప్ (విలువ ఆయువు తీరగానే రస్ట్ తానే నడిపే పని) అమలుచేసి అందులో ‘పోటు_మూయు’ను పిలవాలి. సి తీసుకున్న మెమొరీని సి ఫంక్షన్‌తోనే విడుదల చేయాలి. రస్ట్ బాక్స్‌లోకి మార్చి వదిలేయడం తప్పు, ఎందుకంటే రెండు వైపులా మెమొరీని కేటాయించే అలకేటర్ ఒకటే ఉంటుందన్న హామీ లేదు. ఈ స్ట్రక్ట్ మీద క్లోన్‌ను (నకలు తీసే సౌకర్యాన్ని) డిరైవ్ చేయవద్దు. చేస్తే ఒకే పాయింటర్‌కు ఇద్దరు యజమానులు ఏర్పడి, రెండో డ్రాప్ దగ్గర ప్రోగ్రామ్ కూలుతుంది.

‘పోటు_ఎత్తు’ ఫలితాన్ని ఒక పాయింటర్ ద్వారా రాసి, సున్నా గానీ రుణ సంఖ్య గానీ తిరిగిస్తుంది. పొరలో ముందుగా 0.0 విలువతో ఒక వేరియబుల్ పెట్టి, దాని పాయింటర్ పంపి, తిరిగి వచ్చిన సంఖ్యను రిజల్ట్‌గా మార్చాలి. సున్నా వచ్చినప్పుడు మాత్రమే ఆ వేరియబుల్‌ను నమ్మాలి. లైబ్రరీ ఎర్ర్‌నో (సిలో చివరి తప్పు సంఖ్య ఉండే చోటు) ద్వారా తప్పు చెప్పే రకమైతే, పిలుపు ముగిసిన తక్షణమే ‘లాస్ట్ ఓఎస్ ఎర్రర్’ తీసుకోవాలి. మధ్యలో ఒక ప్రింట్ పెట్టినా ఆ విలువ మారిపోవచ్చు.

సి తన లోపలి వరుసకు పాయింటర్‌నూ లెక్కనూ ఇస్తే దాన్ని స్లైస్‌గా మార్చవచ్చు, కానీ ఆ స్లైస్ ఆయువును సెల్ఫ్ (అంటే ఆ హ్యాండిల్) అరువుతో ముడిపెట్టాలి. అలా చేస్తే హ్యాండిల్ మూసేశాక కూడా స్లైస్‌ను పట్టుకుని ఉండే కోడ్‌ను కంపైలరే తిరస్కరిస్తుంది. లెక్క సున్నా అయినప్పుడు సి నల్ ఇవ్వడం సహజం, రస్ట్‌లో మాత్రం నల్ నుంచి ఖాళీ స్లైస్ తయారుచేయడం కూడా నిషిద్ధం. ఆ సందర్భాన్ని ముందే తప్పించాలి.

ప్రతి అన్‌సేఫ్ భాగం మీద ‘సేఫ్టీ’ అన్న మాటతో ఒక వ్యాఖ్య రాయండి. అందులో ఉండవలసింది మొదటి అడుగులోని కాగితం మీద రాసుకున్న జవాబే: ఈ పాయింటర్ ఎందుకు చెల్లుతుంది, సి దీన్ని ఎంతసేపు పట్టుకుంటుంది. రాయడానికి వాక్యం తోచకపోతే ఆ కోడ్ ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

ఆరో అడుగు: త్రెడ్లు

ముడి పాయింటర్ ఉన్న స్ట్రక్ట్‌ను రస్ట్ తనంతట తానుగా వేరే త్రెడ్‌కు పంపనివ్వదు. కంపైలర్ అడ్డుపడగానే చాలామంది, పంపినా ప్రమాదం లేదని తామే హామీ ఇస్తూ ‘అన్‌సేఫ్ ఇంప్ల్ సెండ్’ అని ఒక వరుస రాసి ముందుకు వెళ్తారు. దానికి ముందు సి కోడ్‌ను చదవాలి.

మేము ఆ వరుస రాయలేదు, అయినా దెబ్బ తిన్నాం. విశాఖపట్నం వివరం అడిగే టెస్ట్ ఒకటి, కాకినాడ వివరం అడిగే టెస్ట్ ఒకటి ఉండేవి. పదిసార్లు నడిపితే తొమ్మిదిసార్లు రెండూ నెగ్గేవి, పదోసారి విశాఖపట్నం టెస్ట్‌కు కాకినాడ వాక్యం వచ్చేది. కార్గో టెస్ట్ టెస్టులను వేర్వేరు త్రెడ్లలో ఒకేసారి నడుపుతుంది. టెస్ట్ త్రెడ్ల సంఖ్యను ఒకటికి తగ్గించి నడిపితే తప్పు మాయమైంది. ఆ ఒక్క ప్రయోగంతోనే కారణం సగం తేలింది. ‘పోటు_వివరం’ తన వాక్యాన్ని ఒక స్టాటిక్ బఫర్‌లో రాసి దాని పాయింటర్ ఇస్తోంది. సి ప్రామాణిక లైబ్రరీలోని ‘లోకల్‌టైమ్’ కూడా ఇలాగే ఒకే చోట రాసి ఇస్తుంది.

ఇక్కడ గమనించవలసిన లోతైన సంగతి ఏమిటంటే, రెండు త్రెడ్లూ వేర్వేరు హ్యాండిళ్లను తెరుచుకున్నాయి, ఏ హ్యాండిల్ కూడా త్రెడ్ దాటలేదు, కాబట్టి విలువలను త్రెడ్ల మధ్య పంపడాన్నీ పంచుకోవడాన్నీ నియంత్రించే సెండ్, సింక్ నియమాలకు పట్టుకోవడానికి ఏమీ లేదు. పంచుకున్నది హ్యాండిల్‌కు వెలుపల, సి లోపల దాగి ఉన్న బఫర్. దీనికి విరుగుడు, క్రేట్ మొత్తానికి ఒకే స్టాటిక్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక త్రెడ్‌నే అనుమతించే తాళం) పెట్టి, దాన్ని పట్టుకున్నాకే ఆ ఫంక్షన్‌ను పిలిచి, వాక్యాన్ని రస్ట్ స్ట్రింగ్‌లోకి నకలు చేసుకున్న తరువాతే విడవడం. నకలు చేయకముందే తాళం వదిలితే తాళం పెట్టి ఫలితం లేదు. స్టాటిక్ బఫర్‌ను తాకని ‘పోటు_ఎత్తు’కు ఈ తాళం అవసరం లేదు, అందువల్ల అసలు లెక్క వేగం తగ్గలేదు.

కాల్‌బ్యాక్‌ల గురించి రెండు మాటలు చాలు. సి నుంచి రస్ట్ ఫంక్షన్‌ను పిలిపించాలంటే ఆ ఫంక్షన్‌ను ‘ఎక్స్‌టర్న్ సి’గా ప్రకటించి, దానికి కావలసిన డేటాను వాయిడ్ పాయింటర్‌గా పంపాలి. ఆ ఫంక్షన్‌లో పానిక్ (రస్ట్‌లో పని ఆపేసే తీవ్రమైన తప్పు) వచ్చి సరిహద్దు దాటబోతే, రస్ట్ 1.81 నుంచి ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అలా ఆగకూడదనుకుంటే లోపలే ‘క్యాచ్ అన్‌వైండ్’తో పట్టి, ఎర్రర్ సంఖ్యగా మార్చి తిప్పి పంపాలి.

ఏడో అడుగు: పోల్చి చూడడం

పని పూర్తయిందని చెప్పడానికి ముందు రెండు రకాల పరీక్షలు కావాలి. మొదటిది విలువల పోలిక. రస్ట్ ప్రమేయం లేకుండా, సిలోనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, ఒక రేవుకు ఒక నెల రోజుల నీటిమట్టాన్ని పది నిమిషాలకొకసారి చొప్పున ఫైల్‌లోకి రాయించండి. రస్ట్ పొర ద్వారా అదే లెక్క వేయించి వరుస వరుసా పోల్చండి. చంద్రుడి వల్ల కలిగే అంశం ఒక చుట్టు తిరగడానికి 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోవాలి. ఆ జరుగుదల కనబడిందంటే సమయం సరిగ్గా దాటుతోందని నమ్మకం కలిగింది. ఒకసారి అన్ని విలువలూ అయిదున్నర గంటలు పక్కకు జరిగి కనిపించాయి. సి కోడ్ భారత కాలమానాన్ని ఆశిస్తుంటే మేము సార్వత్రిక కాలమానం పంపుతున్నాం. రెండు వైపులా అది 64 బిట్ల సంఖ్యే, రకాలు సరిపోయాయి, అర్థం సరిపోలేదు. ఆ తరువాత ఆ సంఖ్యకు పొరలో ఒక ప్రత్యేక రకం సృష్టించి, దాని పేరులోనే కాలమానం తెలిసేటట్టు చేశాం.

రెండోది మెమొరీ పరీక్ష. టెస్ట్ బైనరీని వాల్‌గ్రైండ్ కింద నడిపితే, విడుదల కాని మెమొరీ, రెండుసార్లు విడుదలైన మెమొరీ, విడుదలయ్యాక చదివిన చోట్లు బయటపడతాయి. నైట్‌లీ (రోజూ వెలువడే ప్రయోగాత్మక) కంపైలర్ ఉంటే అడ్రస్ శానిటైజర్ ఇంకా వేగంగా పనిచేస్తుంది, స్టాక్ మీది వరుసలు దాటడాన్ని కూడా పట్టుకుంటుంది. రస్ట్‌కు ప్రత్యేకమైన మిరి అనే సాధనం సాధారణంగా సి కోడ్‌ను నడపలేదు, దాన్ని సిని తాకని భాగాలకు ఉంచుకోండి. హ్యాండిల్‌ను వెయ్యిసార్లు తెరిచి మూసే టెస్ట్ ఒకటి వాల్‌గ్రైండ్ కింద నడిపిస్తే, డ్రాప్ సరిగ్గా ఉందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది.

ఎనిమిదో అడుగు: వేరే యంత్రం మీద

మా సేవలో ఒక భాగం ల్యాప్‌టాప్‌లో కాకుండా, ఫిషింగ్ హార్బర్ దగ్గర పెట్టవలసిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడవాలి. ఇంటెల్ యంత్రం మీద నెలరోజులు నిక్షేపంగా నడిచిన కోడ్, బోర్డు కోసం కంపైల్ చేయగానే రకాలు సరిపోలడం లేదని ఆగిపోయింది. సి భాష కార్‌కు ధన, రుణ సంఖ్యలను వేరుచేసే గుర్తు (సైన్) ఉందో లేదో నిర్ణయించకుండా యంత్రానికే వదిలేసింది. ఇంటెల్ లినక్స్‌లో అది గుర్తు గలది, ఆ బోర్డు వాడే ఆర్మ్ లినక్స్‌లో గుర్తు లేనిది. మూడో అడుగులో నేను చెప్పిన నియమాన్ని మేమే ఒకచోట తప్పి, సి-కార్‌కు బదులు ఐ8 (గుర్తు గల 8 బిట్ల రకం) అని రాశాం. కంపైలర్ ఆపింది కాబట్టి బతికిపోయాం. ఆ తప్పును దాటడానికి ‘యాజ్’ అనే మార్పిడిని చల్లుకుంటూ పోవద్దు, రకం పేరునే సి-కార్‌గా మార్చండి.

బోర్డు కోసం కంపైల్ చేసేటప్పుడు రస్ట్ టార్గెట్‌ను చేర్చడంతో పాటు ఆర్మ్ సి కంపైలర్ కూడా మీ యంత్రంలో ఉండాలి, లింకర్‌గా దాన్నే వాడమని కార్గో కాన్ఫిగ్‌లో చెప్పాలి. సి కోడ్‌ను ‘సిసి’ ద్వారా స్టాటిక్‌గా కలిపాం కాబట్టి బోర్డు మీదకు విడిగా లైబ్రరీ ఫైల్ తీసుకువెళ్లే పని లేకపోయింది. బైనరీని నకలు చేసి, స్ట్రక్ట్ పరిమాణాల టెస్టునూ ‘విశాఖపట్నం’ టెస్టునూ నెల రోజుల పోలికనూ బోర్డు మీదే మరొకసారి నడిపించండి. ఇంటెల్ మీద వచ్చిన విలువలతో చివరి దశాంశ స్థానాలలో స్వల్ప తేడా రావచ్చు కాబట్టి, నీటిమట్టానికి ఒక మిల్లీమీటర్ వరకు తేడాను ఆ టెస్టులో అనుమతించాలి.